ఆకుది కలిపిందే

భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి పాలకుర్తిలో దిగి, ఆటోలో ఊరి దాకా వచ్చిన రజని ఇంటికి పోలేదు. సంచీ భుజాన వేసుకునే చెలక దారి పట్టింది. ఇల్లు విడిచి పన్నెండు రోజులైంది. అక్కకు కడుపులో గడ్డ తీశారు. దవాఖానలో పక్కన పడుకున్న పన్నెండు రాత్రులూ రజనికి అక్క మూలుగు ఒక చెవిలో, చెలకలో గడ్డి మొలిచిందా లేదా అన్న ఆలోచన ఇంకో చెవిలో.

గట్టు ఎక్కి చూసి, ఎవరి చెలకకో వచ్చాననుకుంది. వెనక్కి తిరిగి వేపచెట్టును, కరెంటు స్తంభాన్ని చూసుకుంది. తమదే.

అర ఎకరం నేల జంపఖానా పరిచినట్టు చారలు చారలుగా ఉంది. ఒక చారలో సన్నటి గడ్డి పిలకలు మాత్రమే. దాని పక్క చారలో గడ్డి ఒక్క పోచ లేదు, చిన్న చిన్న ఆకు మొక్కలు. మూడో చార నున్నగా ఊడ్చిన వాకిలిలా ఎర్రమట్టి. తర్వాత మళ్ళీ గడ్డి. తర్వాతి దాంట్లో సగం దాకా ఆకు, సగం నుంచి గడ్డి. ఆరో చారలో అన్నీ ఉన్నాయి, తెల్లపూల వయ్యారిభామతో సహా. ఆ ఆరూ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి అవే ఆరు, అదే వరుసలో. అలా అయిదు సార్లు.

రజని గట్టు మీద సంచీ పెట్టి దాని మీదే కూర్చుంది.

నేలనైతే ఆమే అడిగి తీసుకుంది. రెండెకరాల చెలకలో ఒకటిన్నర పత్తి. మిగిలిన అర ఎకరం ఏళ్ళ తరబడి బీడు. ఒకప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేదని అత్త గట్టమ్మ చెబుతుంది. గొర్లు, బర్లు వేళ్ళ దాకా కొరికి కొరికి, చివరికి పల్లేరు కాయలూ వయ్యారిభామా మిగిలాయి. భర్త యోసేపు రోజూ తెల్లవారి బండేసుకుని కాలువ గట్టు దాకా పోయి గడ్డి కోసుకొస్తాడు. పోయినేడు నడుం పట్టేసింది. "ఇగ నాతోని కాదు. రెండు బర్లను అంగడికి తోల్త," అన్నాడు జూన్‌లో.

పెద్ద బర్రె రజని తల్లిగారింటి నుంచి దూడగా వచ్చింది. చిన్నది దాని బిడ్డ. అది పుట్టేటప్పుడు కాళ్ళు అడ్డం తిరిగితే రజనే చేయి పెట్టి సరిచేసింది. ఇప్పుడది అయిదు నెలల చూడిది. పద్దెనిమిదేళ్ళ నుంచి పొద్దున నాలుగున్నరకు లేచి ఆమె చేసే పని, ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిపించే పని, ఆ పాలే.

"గా బీడుల గడ్డి పెంచుత. జర ఆగు," అంది.

"గడ్డి పెంచుడేంది? గడ్డిని ఎవలన్న పెంచుతరా?" యోసేపు నవ్వాడు. తర్వాత నడుం సవరించుకుంటూ ఆలోచించాడు. "సరే. దసరా నాటికి గా చెలకల నుంచి ఒక మోపు తెచ్చి నా ముంగట ఎయ్యి. బర్లుంటయ్. లేకుంటె దసరా ఎల్లినంక మక్క పెడ్త, బర్లను తోల్త. మళ్ళ ఏడ్వద్దు."

పాలకుర్తి పశువుల దవాఖానలో డాక్టరమ్మ శ్రీలత రెండు పొట్లాలు ఇచ్చింది. ఒకదాంట్లో అంజన్ గడ్డి విత్తనం, ఊదితే ఎగిరిపోయే నూగు. ఇంకోదాంట్లో స్టైలో అని, ఆవాలకంటే కాస్త పెద్దగా గోధుమరంగు గింజ. గడ్డి కడుపు నింపుతుంది, స్టైలో బలమిస్తుంది, నేలకూ సత్తువిస్తుంది, రెండూ కలిపి చల్లాలి అంది. స్టైలో గింజ పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళలో కాసేపు ఉంచి చన్నీళ్ళలో వేయాలని, నీళ్ళు మాత్రం మరగకూడదని రెండుసార్లు చెప్పింది. రజని నీళ్ళు పొయ్యి మీద పెట్టిన పూటే అక్కకు గడ్డ ఉందని బావ ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చేసరికి గిన్నెలో బుడగలు వస్తున్నాయో, రాబోతున్నాయో ఆమెకు ఇప్పటికీ ఖాయంగా తెలియదు. గింజలైతే పోసింది. మర్నాడు రెండు రకాలూ తడి ఇసుకలో కలిపి, వాన తెరిపి చూసి చల్లింది.

అందుకే ఇప్పుడు ఆ చారల్లోని ఆకు మొక్కలను చూసి ఏమనుకోవాలో ఆమెకు అర్థం కాలేదు. స్టైలోను ఆమె డాక్టరమ్మ ఫోన్‌లో చూసింది. మోకాలెత్తు పెరిగి పసుపు పూలు పూసింది. ఇక్కడున్నవి వేలెడు. మూడేసి ఆకులు. పూలు లేవు.

"ఓ పిల్లా! ఇంటికి రాకుండ గీడ్నే కూసున్నవేంది?" గట్టమ్మ గట్టు వెంట కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చర్చిలో ఆమెకు మార్తమ్మ అని పేరు పెట్టి ముప్పై ఏళ్ళయింది గానీ పాస్టరుతో సహా అందరికీ ఆమె గట్టమ్మే. "అక్క ఎట్లున్నది? కుట్లు ఎండినయా?"

"ఎండినయ్. అత్తమ్మా, ఇదేంది?"

"కలుపు తీపిచ్చిన."

"అది కనబడుతున్నది. ఇట్ల తీసిండ్రేంది?"

"నువ్వు జెప్పినట్టే తీపిచ్చిన. ఫోన్ల అడిగిన గద."

"నేనేం జెప్పిన?"

"ఆకుది కలుపే అన్నవ్."

రజనికి ఆ ఫోను గుర్తొచ్చింది. దవాఖాన వరండాలో నిలబడి, ఒక చెవి మూసుకుని అరుస్తూ మాట్లాడింది. మాట తెగుతూ తెగుతూ పోయింది.

"కలుపే అనలే అత్తమ్మా. ఆకుది కలిపిందే అన్న. మనం గడ్డిల కలిపి జల్లిందే, ఉండనియ్యమని."

గట్టమ్మ కాసేపు ఆ రెండు మాటలనూ పెదాల మీద అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"కలుపే... కలిపిందే... అగో, రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్ గదనే!"

"మరి అన్ని ఒక్కతీర్గ తియ్యకుంట గీ చారలేంది?"

"గది భూదేవినడుగు," అంది గట్టమ్మ, చూపు పత్తి వైపు తిప్పి. "నా మాట ఎవ్వతి ఇన్నది?"

*

భూదేవి ఊళ్ళో కలుపు కూలీల పెద్ద. నలుగురైదుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని తిరుగుతుంది. చెలకలో ఒక్కొక్కరికి ఒక్కో మునుం ఇస్తుంది. మునుం అంటే గట్టు నుంచి గట్టుకు ఒక మనిషి కూర్చుని చేతులు చాపితే అందేంత వెడల్పు. ఒకసారి పట్టిన వరుస చివరిదాకా మారదు. చారలు ఎలా వచ్చాయో రజనికి దాంతోనే అర్థమైంది. ఒక్కో మనిషి ఒక్కో తీరుగా పీకింది. ఎవరు ఏది పీకారో, ఎందుకు పీకారో అదే తెలియాలి.

భూదేవి ఇంటి ముందు అరుగు మీద రుక్మిణి, జానకి కూడా ఉన్నారు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నారు.

"రా రజనీ. నీ చెలక గురించి ఊరంత నవ్వుతున్నరు," అంది భూదేవి దాచుకోకుండా. "మమ్ముల గూడ గలిపి."

"అత్తమ్మ ఆకు పీకుమన్నదట గద. నువ్వు గడ్డి పీకినవా?"

"నలభై ఏండ్లసంది కలుపు తీస్తున్న బిడ్డా. వరిల గడ్డి పీకిన, పత్తిల గడ్డి పీకిన, మిరపల గడ్డి పీకిన. ఇయ్యాల నీ అత్త వచ్చి గడ్డి ఉంచి ఆకు పీకమంటది. ముసలామెకు మతి తప్పిందనుకున్న. గడ్డంటెనే కలుపు. గడ్డి పీకిన."

"నేను మాత్రం గట్టమ్మ జెప్పినట్టే జేసిన," అంది రుక్మిణి. "వాళ్ళ చెలక, వాళ్ళ మాట. ఆకుది ఒక్కటి ఉంచలే. సూస్కో."

రజని జానకి వైపు తిరిగింది. "నువ్వెటు జేసినవ్ జానకక్కా?"

జానకి ఈనె తీయడం ఆపలేదు. "నేను భూదేవక్కకు, ఈమె కోడలికి నడుమ కూసున్న. ఇటు దిక్కు ఈమె గడ్డి కలుపంటది, అటు దిక్కు ఆమె ఆకు కలుపంటది. ఎవ్వల మాట పోనియ్యలె. రెండు పీకిన."

రుక్మిణి పకపకా నవ్వింది. "అందుకే గా మునుం గుండు గీసినట్టున్నది!"

"నవ్వకే. నడుముల నొప్పి ఎవలకెక్కువొచ్చింది? నాకే."

రజనికి కూడా నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ ఆగిపోయాయి. నాలుగో మునుం భూదేవి కోడలిది, ఆమెది రుక్మిణి తీరే. అయిదో మునుం రుక్మిణి చెల్లెలిది. మధ్యలో మనసు మార్చుకుంటూ పోయిందట. అయిదు సార్లూ సరిగ్గా మధ్యలోనే మార్చుకుందా అని అడిగితే, "ఆడ భూదేవక్క కోడలు మంచినీళ్ళకు లేస్తది, సల్లగ నాతోని మాట్లాడతది. ఆమె జెప్పినంక ఆమె తీరు," అందట.

"మరి ఆరోది? అన్ని ఉంచిన మునుం?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంట్ల అడుగు," అంది భూదేవి.

రజని ఇంటికి వచ్చేసరికి గట్టమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అడక్కముందే చెప్పింది.

"ఆరోది నాదే. కూలికి ఒకామె తక్కువైతె నేనే కూసున్న. అందరికి ఆకు పీకుమని జెప్పినగని, నేను పీకబోతె చెయ్యి రాలే. లేత లేతగ ఉన్నది. ఒగవేళ నువ్వన్నది గది గాకపోతె? మళ్ళ ఫోన్ జేద్దమంటె కలువలే. పీకినదాన్ని మళ్ళ పెట్టలేం గద బిడ్డా. ఉట్టిగ కుక్కురుగూసొని మునుం నడిచిన, అందరు పీకుతున్నరు గద, నేను గూడ పీకుతున్నట్టు చేతులు ఆడిచ్చిన." ఆమె చేటను ఒకసారి ఎగరేసి పట్టింది. "నీ మొగనికి జెప్పకు. నవ్వుతడు."

*

మూడోనాడు డాక్టరమ్మ శ్రీలత పక్క ఊళ్ళో టీకాలు వేసి వెళ్తూ చెలక దగ్గర బండి ఆపింది. చారలు చూసి, "ఏదైనా ప్రయోగమా అమ్మా?" అని అడిగింది. రజని జరిగిందంతా చెప్పింది, పొయ్యి మీది నీళ్ళ సంగతి మాత్రం చివర చెప్పింది.

"మరిగినయా?"

"మరిగినయో లేదో తెల్వదు మేడం."

"గింజ ఉడికితే మొలవదు. మొలిచిందంటే ఉడకలేదన్నట్టు."

"మొలిచినయి అవేనా మేడం? అదే తెలుస్తలేదు."

శ్రీలత చెప్పులు విడిచి భూదేవి మునుంలో కూర్చుంది. మూడాకుల మొక్క ఒకటి తుంచి కళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఇది స్టైలో." రజని ఇంకో మొక్క తుంచి అందించింది. "ఇది కూడా... ఆగండి. ఇది కాదు. ఇది పులిచింత. నమిలి చూడండి, పుల్లగా ఉంటుంది." రజని నమిలింది. పుల్లగా ఉంది. "ఇది పిల్లిపెసర, ఎవరో ఎప్పుడో వేస్తే రాలి ఉంటుంది. పశువు తింటుంది, ఉండనివ్వండి. ఇది..." మూడాకులదే, ఆకు అంచున సన్నటి నూగు ఉన్న మొక్కను ఆమె చాలాసేపు చూసింది. ఫోన్‌లో ఫోటో తీసి తనతో చదివినవాళ్ళకు పంపింది. నిమిషంలో రెండు జవాబులు వచ్చాయి. ఒకరు స్టైలో అన్నారు. ఇంకొకరు కానే కాదన్నారు.

"నిజం చెప్పాలంటే నాకూ తెలవదమ్మా," అంది శ్రీలత సిగ్గుపడకుండా. "ఇట్లాంటివి చానా ఉన్నాయి. పెరిగితే తెలుస్తుంది."

"ఎప్పటికి పెరుగుతది మేడం?"

"స్టైలో మొదటి ఏడు లేవదు. వేరు మీదనే పని చేసుకుంటుంది. వచ్చే వానలకు చూడాలి దాని జోరు."

"దసరాకు మోపు కావాలె."

"దసరాకా?" శ్రీలత చారల వైపు చూసింది. "ఇక కలుపు మాత్రం తీయించకండి. వయ్యారిభామ ఒక్కటి పీకండి, చేతికి కవరు చుట్టుకుని. కోసేటప్పుడు పిడికిలెత్తు ఉంచి కోయండి."

ఆ తర్వాత నెలన్నర రజని రోజూ పాలు పోసి వస్తూ చెలక దగ్గర ఆగింది. వానలు బాగా పడ్డాయి. ఒకరోజు అంతా పచ్చగా కనబడి కడుపు నిండేది. మర్నాడు దగ్గరికి పోయి చూస్తే ఆ పచ్చదనం ఎవరిదో తెలిసేది కాదు. గడ్డి పిలకలు పక్క మునుంలోకి వాలాయి. ఆకు మొక్కలు నేల మీద పాకుతూ గడ్డి కాళ్ళ సందుల్లో దూరాయి. జానకి గుండు గీసిన చారలో ఎవరూ చల్లనివి ఏవో మొలిచాయి. సెప్టెంబరు చివరికి చారలు చెరిగిపోయాయి. ఏ ఆకు డాక్టరమ్మ ఔనన్నదో, ఏది కాదన్నదో రజనికి అంతా కలగాపులగమైంది. రోజుకో రకం నమిలి చూసి ఉమ్మేది. పుల్లగా ఉన్నది పులిచింత అని మాత్రం తెలిసింది. పుల్లగా లేనివన్నీ తనవేనని అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

యోసేపు ఆ దారిన రోజూ బండి మీద పోయేవాడు. తలైతే తిప్పేవాడు, బండి ఆపేవాడు కాదు. దసరాకు రెండు రోజుల ముందు అన్నం తింటూ చెప్పాడు. "రేపు పొద్దుగాల రవీందర్ వస్తడు. అంగడికి పోయే బండి తెస్తడు. నీ మోపు రేపే తే."

*

పొద్దున రజని, గట్టమ్మ ఇద్దరూ కొడవళ్ళు పట్టుకుపోయారు. రజని పిడికిలెత్తు ఉంచి కోస్తూ పోయింది. దేన్నీ విడదీసి చూడలేదు. చూస్తే చేయి ఆగిపోతుందని భయం. వెనకాల గట్టమ్మ సదురుకుంటూ వచ్చింది. అర ఎకరంలో మూడో వంతు కోసేసరికి చీర కొంగుతో కట్టలేనంత అయింది. తాడుతో బిగించి, ఇద్దరూ ఎత్తితే గానీ తల మీదికి రాలేదు.

కొట్టం దగ్గర రవీందర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. పశువుల బేరగాడు, మంచి మాటకారి. అమ్మిన పశువు వెంట పాత పలుపు పోకూడదని ఇళ్ళల్లో ఒక పద్ధతి. అందుకని యోసేపు తెల్లవారే రెండు బర్ల మెడల్లోంచి పలుపులు విప్పి, అప్పటిమటుకు ఒక నులక తాడు ముక్కతో గుంజకు చుట్టి పెట్టాడు. రవీందర్ తెచ్చిన కొత్త మోకులు అరుగు మీద చుట్టగా ఉన్నాయి.

రజని మోపును యోసేపు ముందు దబ్బున పడేసింది.

"అబ్బో," అన్నాడు రవీందర్.

యోసేపు మోపు చుట్టూ తిరిగాడు. కాలితో తోసి బరువు చూశాడు. "మోపైతె మోపే," అన్నాడు. "గని ఇండ్ల నువ్వు జల్లిన గడ్డెంత?"

"అంటె?"

"బీడు ఉట్టిగ వదిలేసినా వానకు పిచ్చి గడ్డి మొలుస్తది గద. గదే కోసుకొచ్చినవో, నీ గింజలదే కోసుకొచ్చినవో నాకెట్ల తెలుస్తది? నీ గింజ మొలిస్తె వచ్చేయేడు గూడ మొలుస్తది. పిచ్చి గడ్డైతె ఈ ఒక్క వానకే. నేనడిగేది గదే."

అతను అడిగింది తప్పు కాదు. రెండు నెలలుగా ఆమె తనను తాను అడుగుతున్నదే అది.

"తెల్వదు," అంది.

"తెల్వకుంటె ఎట్ల? ఇప్పు, సూద్దం."

యోసేపే తాడు విప్పాడు. కింద కూర్చుని ఒక గుప్పెడు తీశాడు. "ఇది అంజనేనా?"

"ఆ, అది నాదే. నక్క తోక తీరు కంకి, సూడు."

"ఇటెయ్యి. ఇది?"

"అది గరిక. నాది గాదు."

"గరికను ఏమనకు, నా సిన్నప్పటిసంది ఉన్నది గా చెలకల," అంది గట్టమ్మ కూర్చుంటూ.

"నీ సిన్నప్పటిది లెక్కకు రాదవ్వా," అన్నాడు యోసేపు తల్లితో. "అటు దిక్కెయ్యి. ఇది?"

మూడాకుల కొమ్మ. రజని తీసుకుని చూసింది. చివర ఒక చిన్న పసుపు మొగ్గ ఉంది. డాక్టరమ్మ ఫోన్‌లోది ఇదేనా? పులిచింతకూ పసుపు పూలే కదా. కొరికింది. పుల్లగా లేదు.

"స్టైలో కావచ్చు."

"కావచ్చా, అవునా?"

"కావచ్చు."

"కావచ్చులన్ని ఒక దిక్కెయ్యిరి," అన్నాడు రవీందర్, తనకేం పట్టనట్టు బీడీ ముట్టిస్తూ. కాసేపటికి బీడీ పక్కన పెట్టి అతనూ కూర్చున్నాడు. "అరే, ఇది గూడ నీదే అంటవేందక్కా? ఇది మా ఊళ్ళ గట్ల పొంటి ఉంటది. పిల్లిపెసర."

"మేడం ఉండనియ్యమన్నది."

"ఉండనియ్యమన్నదా, జల్లుమన్నదా?"

"ఉండనియ్యమన్నది."

"గట్లైతె నీది గాదు."

"నా చెలకల ఉన్నది, నేను ఉంచిన, నేను కోసిన. నాది ఎట్ల గాదు?"

రవీందర్ యోసేపు వైపు చూశాడు. యోసేపు ఆ కొమ్మను చేతిలో పట్టుకుని, ఏ కుప్పలో వేయాలో తెలియక అటు చాపి, ఇటు చాపి, చివరికి కావచ్చుల కుప్పలో వేశాడు. మోపు తరిగేకొద్దీ చల్లినవాటి కుప్ప కొంచెం పెరిగింది. చల్లనివాటి కుప్పా కొంచెం పెరిగింది. కావచ్చుల కుప్ప మాత్రం మోకాలెత్తయి వెనక్కి, గుంజ వైపు ఒరిగింది. నలుగురూ తలలు వంచి ఒక నూగుటాకు మీద వాదించుకుంటున్నారు. రవీందర్ అది కచ్చితంగా అడవి మెంతి అంటాడు. గట్టమ్మ మెంతి వాసన రావట్లేదంటుంది. యోసేపు నలిపి వాసన చూసి, తనకు బీడీ వాసనే వస్తోందని రవీందర్‌ను తిట్టాడు.

పరపరమన్న చప్పుడుకు ముందుగా రజని తల తిప్పింది. చూడి బర్రె నులక తాడు తెంపుకుని వచ్చి, కావచ్చుల కుప్పలో మూతి కణతల దాకా పెట్టి ఉంది. పెద్దది గుంజ దగ్గర నుంచే మెడ చాపి అందినంత లాగుతోంది.

"అరే ఆపు, ఆపు!" యోసేపు లేచేలోగా కుప్ప సగమైంది. లేచి కూడా అతను ఆపలేదు. చేయి బర్రె వీపు మీద పెట్టి నిలబడి చూశాడు. అది ఆకునూ గడ్డినీ కలిపి లాగుతోంది, తల ఎత్తకుండా. కుప్ప అయిపోయాక నేల మీది తుంపులు కూడా నాకి, చల్లినవాటి కుప్పకు పోయి దాన్నీ ముగించింది.

బయట రోడ్డు మీద బండి హారను మోగింది. రవీందర్ టైం చూసుకున్నాడు. "ఓ యోసేపన్నా, పదైతున్నది. అంగడి ఎక్కాలె. ఎక్కిద్దమా, వద్దా? ఒక్కటి జెప్పు."

యోసేపు రజనిని చూశాడు. రజని నేలను చూసింది. అక్కడ ఇప్పుడు అడగడానికి, చూపడానికి ఏమీ మిగల్లేదు, గరిక తప్ప.

"లెక్క తెల్వలే గద ఇంక," అన్నాడు యోసేపు. "నువ్వు నడువు. వచ్చే అంగడికి సూద్దం."

"వచ్చే అంగడికి గూడ గిట్లనే కావచ్చులంటరు మీరు," అంటూ రవీందర్ మోకుల చుట్ట భుజాన వేసుకుని పోయాడు.

రజని బర్రె దగ్గరికి పోయి నిలబడింది. "అంటె... బర్లు ఉన్నట్టా?" అని అడిగింది.

"రేపు మళ్ళ కోద్దం. నేను గూడ వస్త," అన్నాడు యోసేపు. "చెలకల్నే సూస్కుంట కోస్తె తెలుస్తది ఏది మొలిచిందో."

"తెలుస్తదా?"

"ఏమో మరి. రెండు నెలలసంది గా దిక్కు తల తిప్పి సూస్తున్న, నాకైతె ఒక్కటి తెలుస్తలేదు." అతను కొడవలి తీసుకుని అంచు మీద బొటనవేలు పెట్టి పదును చూశాడు. "నువ్వు దాన్ని ముందుగాల కట్టెయ్యి. పత్తిల వడ్తది."

రజని లోపలికి పోయి, కొయ్యకు వేలాడుతున్న రెండు పాత పలుపుల్లో ఏది దేనిదో పోల్చుకోలేక, చేతికందింది తీసుకుని బయటికి వచ్చింది.